కే అనే మెట్టు

"ఓవెన్ వేసే ముందు తలుపు తీసి చూడాలని కూడా నేనే చెప్పాలా?" అంది విద్యావతి.

"ఓవెన్‌లో పెరుగుంటుందని ఎవరనుకుంటారు?" అన్నాడు శ్రీపతి. చేతిలో గార్లిక్ బ్రెడ్ పొట్లం అలాగే ఉంది.

"మనం ఈ హారిసన్ ఇంటికి వచ్చినప్పట్నుంచీ చలికాలం వస్తే పెరుగు అందులోనే తోడుకుంటోంది. లోపల లైటేసి పెడతాను. రోజూ తినే మనిషికి అది ఎక్కడ్నుంచి వస్తోందో తెలియదంటే నేనేం చెయ్యను?"

"లైటు చూసి, ఎవరో ఆపడం మర్చిపోయారనుకున్నాను."

"ఎవరో అంటే ఎవరు? ఇంట్లో ఓవెన్ ముట్టుకునేది నేనొక్కదాన్నే."

గిన్నె మీద ప్లాస్టిక్ మూత కరిగి, కమ్మీల మధ్యనుంచి తీగలు తీగలుగా కిందికి జారింది. గిన్నెలో పాలు విరిగి పసుపుపచ్చ నీళ్ళలో గడ్డలు తేలుతున్నాయి. ఇల్లంతా కాలిన బొమ్మ వాసన. కిటికీ తెరిస్తే, ఈ దేశంలో మే నెలలోనే మొదలయ్యే చలి ఒక్కసారిగా లోపలికొచ్చింది.

శ్రీదివ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయకుండానే ఒకసారి లోపలికి తొంగి చూసింది. "మమ్, ఇట్స్ జస్ట్ యోగర్ట్. ఐ'ల్ గ్రాబ్ సమ్ ఆన్ ద వే బ్యాక్," అని బ్యాగు భుజాన వేసుకొని వెళ్ళిపోయింది.

"చూశావా, ఎంత తేలికో," అన్నాడు శ్రీపతి.

"తోడు కూడా పోయింది. కొన్న పెరుగుతో ఆ రుచి రాదు."

"నాకు మీటింగుంది విద్యా." బ్రెడ్డు బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి ఆ తలుపు వెనకనుంచి అతని ఇంగ్లీషు వినిపించింది, ఆ తర్వాత నవ్వు. ఎవరో ఏదో అన్నారు, ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆఫీసువాళ్ళ కోసం ఉంచుకున్నది.

విద్యావతి కమ్మీలు బయటికి లాగి, సింకులో పెట్టి, చాకు మొనతో ప్లాస్టిక్కును గీకడం మొదలుపెట్టింది. తొందరపడితే కమ్మీ మీద గీతలు పడతాయి. వేడి తగ్గాక పెచ్చులుగా ఊడొస్తుంది. ఒక్కొక్క పెచ్చూ తీసి కాగితం మీద వరసగా పెట్టింది. హీటర్ ఆగినప్పుడల్లా ఇంట్లో చాకు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

సాయంత్రం స్పందన వస్తుంది. దోసెల పిండి బయటపెట్టి ఉంచాలి అనుకుంది.

*

యూనివర్సిటీ సంగీత విభాగంలో ఆ సెమిస్టర్ బైజాంటైన్ గానం చెబుతున్నారు. గ్రీకు చర్చిలో వాద్యాలేవీ లేకుండా గొంతుతో మాత్రమే పాడే పాతకాలపు స్తోత్రాలు. ఒకరు పాడుతుంటే వెనకనుంచి ఇంకొకరు ఒకే స్వరాన్ని ఆపకుండా పట్టుకొని ఉండాలి. దాన్ని ఈసన్ అంటారు. బయటివాళ్ళు కూడా వచ్చి కూర్చోవచ్చని ఇంటికి దగ్గర్లోని గంగాలిన్ లైబ్రరీలో కాగితం అంటించి ఉంటే చూసి విద్యావతి వెళ్ళింది. చెప్పే ఆవిడ ఫొతీనీ రెండు తరగతులు చూసి, విద్యావతిని ఈసన్‌కి కూర్చోబెట్టింది. తంబూరా పక్కన పెరిగిన గొంతు కాబట్టి నిలకడకు కొదవలేదు. స్వరం మారమని ఫొతీనీ చెయ్యి ఊపినప్పుడు మాత్రం మారడానికి మొదట్లో ఒప్పుకోలేదు. శ్రుతి కదలడమేమిటని ఆమెకు.

ఆ తరగతిలో తెలుగు మాట్లాడే పిల్ల స్పందన ఒక్కతే. దూరాన వెర్రిబీలో పెరిగింది, చదువుకోసం వచ్చి ఇక్కడ ఇంకో ముగ్గురితో కలిసి అద్దె ఇంట్లో ఉంటోంది. సోమవారాలూ గురువారాలూ హారిసన్ వచ్చి విద్యావతితో కలిసి సాధన చేస్తుంది.

"ఏందాంటీ ఈ వాసన?" అంది ఆ సాయంత్రం లోపలికి వస్తూనే.

"మీ అంకుల్ వంట."

స్పందన పకపకా నవ్వి వంటింటి బల్ల ముందు ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుంది. దోసె తింటూనే కాగితం తెరిచింది. దాని మీద స్వరాల గుర్తులు చీమలు పాకినట్టున్నాయి.

"వాళ్ళ 'నీ' మన 'స' అట. వాళ్ళ 'గా' మన 'మ'. నాకు చిన్నప్పుడు వెర్రిబీలో ఒక ఆంటీ సరిగమలు నేర్పింది గద, అన్నీ కలిసిపోతున్నయ్. ఇండ్లవే, నంబర్లు మార్చేసిన్రు."

"చెయ్యి కడుక్కొని పాడు."

విద్యావతి 'ది' అనే స్వరం పట్టుకుంది. స్పందన పాడటం మొదలుపెట్టింది. సెమిస్టర్ చివర్లో జరిగే కచేరీలో ఆ స్తోత్రం ఆమె ఒక్కతే పాడాలి. సన్నటి గొంతు, కానీ అంచులు అరిగిపోని గొంతు. ది నుంచి దాని పై మెట్టు 'కే' ఎక్కి, ఆ పైన 'జో' అందుకొని, మళ్ళీ కే మీదుగా దిగింది.

ఆ కే దగ్గర విద్యావతి చెవికి ఏదో తగిలింది. అక్కడికీ ఇక్కడికీ కాకుండా మధ్యలో నిలబడిన స్వరం. సరిగ్గా మూసుకోని తలుపులా ఉంది. రెండోసారీ అలాగే వచ్చింది.

ఆమె ఈసన్ ఆపింది. "ఆ కే కొంచెం కిందికి దించమ్మా."

"ఇట్లనా?"

"ఇంకాస్త. జో ని కొంచెం పైకి పట్టుకో. ఆఁ, ఇప్పుడు ఆ కే మీద చిన్న ఊపు. ఊరికే, తెలిసీ తెలియనట్టు."

స్పందన ఆమెకేసి చూస్తూ మళ్ళీ పాడింది. కే దిగింది. జో ఎక్కింది. ఆ రెంటి మధ్యా దూరం విచ్చుకుంది. ది ని స అనుకుంటే అది మాయామాళవగౌళ. చిన్నప్పుడు తెనాల్లో పొద్దున్నే, నిద్ర ముఖంతో చాప మీద కూర్చొని పాడిన మొట్టమొదటి పాఠం. ఆ వంటింట్లో, కాలిన ప్లాస్టిక్ వాసన ఇంకా పోని ఆ గాలిలో, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టయింది విద్యావతికి. కళ్ళు మూసుకుంది.

"మంచిగుందా ఆంటీ?"

"చాలా బాగుంది. ఇంకొక్కసారి."

స్పందన ఇంకొకసారి పాడింది. తర్వాత ఇంకొకసారి.

"మమ్మీ డాడీ వస్తున్నరు ఆంటీ కచేరీకి. డ్రైవ్ చేసుకొని. డాడీ అయితే ఆల్‌రెడీ లీవ్ పెట్టిండు."

"వాళ్ళని మనింటికే భోజనానికి రమ్మను," అంది విద్యావతి.

*

బుధవారం లైట్ రైల్లో ఊరి మధ్యకు వెళ్ళినంతసేపూ విద్యావతి లోపల ఆ స్తోత్రం పాడుకుంటూనే ఉంది.

తరగతి గదిలో కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి ఉన్నాయి. పియానోని ఫొతీనీ మొదటిరోజే గోడవైపు తిప్పించేసింది. "దాని మెట్లు వేరు. అది చూస్తుంటే మీకు నా మెట్లు కనపడవు," అందిట. అరవై దాటిన పొట్టి మనిషి. బూడిదరంగు స్వెటర్ చేతులు పైకి మడిచి, అరచెయ్యి గాల్లో పైకీ కిందికీ కదుపుతూ స్వరాలు చూపిస్తుంది. పాడేవాళ్ళు ఆ చేతిని చూస్తారు.

స్పందన లేచి నిలబడింది. విద్యావతి ది పట్టుకుంది.

స్పందన రెండో పాదం అందుకోగానే ఫొతీనీ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"మళ్ళీ."

స్పందన మళ్ళీ పాడింది. ఇంకా శ్రద్ధగా, ఊపుతో సహా.

"ఈ కే ఎక్కడిది?" అంది ఫొతీనీ ఇంగ్లీషులో. కోపం లేదు. "పోయిన వారం నీ దగ్గర ఇది లేదు. పోయిన వారం నువ్వు మెత్తగా పాడావు. ఇప్పుడు దాన్ని కిందికి లాగావు, జో ని పైకి తోశావు. ఇది వేరే చోటు. ఎవరు చెప్పారు?"

గదిలో ఎవరో కుర్చీ సర్దుకున్నారు.

"రికార్డింగులు విని ప్రాక్టీస్ చేశాను. సారీ," అంది స్పందన. విద్యావతి వైపు చూడలేదు.

ఫొతీనీ తానే పాడి వినిపించింది. ది, కే, జో. ఆ కే అక్కడికీ ఇక్కడికీ కాకుండా మధ్యలో నిలబడింది. సోమవారం తాను దించక ముందు, దోసె తిని చెయ్యి కడుక్కొని వచ్చి స్పందన పాడిన కే సరిగ్గా అదే.

"ల్యూక్," అంది ఫొతీనీ.

చివరి కుర్చీలోని కుర్రాడు లేచి అదే పాదం పాడాడు. గొంతు బొంగురు. కానీ మెట్టు ఉన్నచోటే ఉంది. "కచేరీలో ఇది ల్యూక్ పాడతాడు," అంది ఫొతీనీ. "స్పందన, నువ్వు బృందంలో పాడు. చెవి వేరే దారి పట్టాక పది రోజుల్లో వెనక్కి తేవడం కష్టం."

స్పందన తలూపి కూర్చుంది. కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, ఇక మడవడానికి వీల్లేనంత చిన్నది చేసింది.

విద్యావతి ఇంకా ది పట్టుకునే ఉంది. ల్యూక్ పాట ఎప్పుడో అయిపోయింది. అందరూ ఆమెకేసి చూస్తున్నారు. ఆ స్వరం నోట్లో ఉన్నంతసేపూ వేరే మాట రానక్కర్లేదు. ఫొతీనీ చెయ్యెత్తి చాలన్నట్టు వేళ్ళు ముడిచాక ఆపింది.

స్టాపు దగ్గర గాలి కోసేస్తోంది. స్పందన జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుంది.

"ఫర్వాలేదు ఆంటీ. మమ్మీకి చెప్పాలె, అంతే. సోలో లేదు, మీరు రాకున్నా నడుస్తదని."

"మళ్ళీ అడుగుదామా?"

"వద్దాంటీ. ఆమె కరెక్టే చెప్పింది గద."

నేనే చెడగొట్టాను అనాలి. అంత చిన్న వాక్యం. విద్యావతి ఆ వాక్యాన్ని నోటిదాకా తెచ్చుకుంది. రైలు వచ్చింది. వీళ్ళిద్దరి మధ్య సైకిలు పట్టుకొని ఒకతను నిలబడ్డాడు. హారిసన్ రాకముందే స్పందన దిగిపోయింది.

*

గురువారం సాయంత్రం దోసెల పిండి బయటపెట్టాక మెసేజ్ వచ్చింది. అసైన్‌మెంట్ ఉంది ఆంటీ, సారీ, అని. ఒక నవ్వు బొమ్మ.

పిండి తిరిగి ఫ్రిజ్‌లో పెట్టింది. ఫోనులో శ్రుతి పెట్టుకొని వంటింట్లోనే నిలబడి ది అంది. కే అంది. దిగిపోయింది. పైకి తెచ్చింది, ఎక్కువైంది, చతుశ్రుతి రిషభం అయిపోయింది. ఆ రెంటికీ మధ్య కాలు పెట్టడానికి చోటున్నట్టే తెలియడం లేదు గొంతుకు. సంగీతంలో డిప్లొమా చేసిన గొంతు, తెలుగు సంఘం వాళ్ళ ప్రతి సభలోనూ ప్రార్థన పాడే గొంతు, ఒక్క మెట్టు దగ్గర మొరాయిస్తోంది.

శ్రీపతి టీ కోసం వచ్చాడు. "బాగానే ఉందిగా," అన్నాడు.

"ఇప్పుడు విను." రెండు రకాలుగా పాడింది. "తేడా తెలిసిందా?"

"రెండూ ఒకటేగా."

"ఈ తేడాకే స్పందనకి సోలో పోయింది."

"ఇంత దానికా? మరీ అన్యాయం. ఆ అమ్మాయి కంప్లయింట్ ఇవ్వాల్సింది." కప్పు తీసుకొని, బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకొని వెళ్ళాడు.

అన్యాయం చేసింది ఎవరో చెప్పడానికి నోరు తెరిచేసరికి తలుపు మూసుకుంది. రాత్రి శ్రీదివ్య వచ్చి, తిని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. విద్యావతి గిన్నెలు తోమి, బల్ల తుడిచి, మళ్ళీ తుడిచింది.

*

శుక్రవారం ఫొతీనీ గది వెతుక్కుంటూ వెళ్ళింది. ఇంకో ఇద్దరు టీచర్లతో పంచుకున్న ఇరుకు గది. ఫొతీనీ డబ్బా తెరిచి ఆలివ్ కాయలు తింటోంది. కుర్చీ మీది పుస్తకాలు తీసి కింద పెట్టింది.

విద్యావతి కూర్చోలేదు. "ఆ కే స్పందనది కాదు. నాది. ఆమె సరిగ్గానే పాడింది. నాకు తప్పుగా వినిపించింది. నేను దిద్దాను."

"తెలుసు," అంది ఫొతీనీ.

"స్పందన చెప్పిందా?"

"లేదు. ఆ వయసు పిల్లలు తప్పు పాడితే బిక్కుబిక్కుమంటూ పాడతారు. ఇందులో బెరుకు లేదు. ఎవరో పెద్దవాళ్ళు నమ్మకంగా అప్పజెప్పిన తప్పు." ఒక గింజ తీసి మూతలో వేసింది. "మీరు పాడండి, వింటాను."

విద్యావతి పాడింది. ఫొతీనీ అరచెయ్యి పైకి ఎత్తి చూపించింది, ఇంకొంచెం, ఇంకొంచెం అని. చెయ్యి చూస్తున్నంతసేపూ వచ్చేది. చెయ్యి దించగానే స్వరం తనంత తానే పాత గూట్లోకి దిగిపోయేది. ఫొతీనీ నవ్వలేదు, విసుక్కోలేదు కూడా.

"మీ గొంతుకు ఇల్లుంది. అది అక్కడికి వెళ్ళిపోతోంది. దానికి కోప్పడి లాభం లేదు," అంది. "ఈసన్‌కి ఇల్లు మారక్కర్లేదు కాబట్టి మీరు బాగా చేస్తున్నారు. పాట వేరు."

"స్పందనకి ఇంకో అవకాశం ఇవ్వండి."

ఫొతీనీ ఆలివ్ డబ్బా పక్కకు జరిపింది. "బుధవారం మళ్ళీ వింటాను. ల్యూక్‌కి నేను చెబుతాను, అతనేమీ అనుకోడు. ఆమె పాడితే ఆమెదే. మీరు ఎప్పటిలాగే ది పట్టుకోండి."

తిరుగు దారిలో విద్యావతికి ఆకలి వేసింది. రెండు రోజుల్లో మొదటిసారి. ఆదివారం భోజనానికి రమ్మని స్పందనకి మెసేజ్ పెట్టింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

*

ఆదివారం స్పందన వచ్చేసరికి విద్యావతి గుత్తివంకాయ చేస్తోంది. లేతవి దొరకలేదు, ఉన్నవాటిలోనే చిన్నవి ఏరింది. తొడిమ ఊడకుండా నాలుగు వైపులా చీరి ఉప్పునీళ్ళలో వేసి ఉంచింది.

"ఫొతీనీ మెయిల్ పెట్టింది ఆంటీ. బుధవారం మళ్ళీ వింటదట!" గుమ్మంలోనే చెప్పింది స్పందన. "మమ్మీకి ఇంకా ఏం చెప్పలె. మంచిదైంది."

"స్పందనా, ఆ రోజు నువ్వు ముందు పాడిందే సరి. నేను దించమని చెడగొట్టాను. ఫొతీనీకి చెప్పాను. నీకే ముందు చెప్పాల్సింది."

స్పందన గిన్నెలోంచి ఒక వంకాయ తీసి నీళ్ళు ఓడ్చింది. "తెల్సాంటీ."

"బుధవారం తెలిసిందా?"

"కాదు. సోమవారమే. మీరు దించమన్నప్పుడే ఇది వేరే అయితుందని తెలుస్తనే ఉన్నది."

విద్యావతి చేతిలో కారం ముద్ద అలాగే ఉండిపోయింది. "మరి చెప్పలేదేం?"

"ఐ డోంట్ నో, ఆంటీ." పిల్ల ఇబ్బందిగా నవ్వింది. "మీరు కండ్లు మూసుకున్నరు. నవ్విన్రు. మీరట్ల నవ్వంగ నేను ఎన్నడు చూడలె. ఇంకోసారి అన్నరు, పాడిన. ఎట్ల వద్దనాలె?"

పొయ్యి మీద నూనె కాగింది. విద్యావతి మంట తగ్గించింది. వంకాయలోకి కారం కూరి, అంచులు దగ్గరికి నొక్కి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది.

"ఇప్పుడొకసారి పాడు. నేను ది పట్టుకుంటాను."

స్పందన పాడింది. కే మెత్తగా, ఉండాల్సిన చోటే నిలబడింది. రెండో పాదంలో పిల్ల కాగితం మీంచి తలెత్తి విద్యావతి ముఖంలోకి చూసింది. అలవాటుగా, బాగుందా అన్నట్టు. అంతే, కే కిందికి జారింది. ఒక వెంట్రుకవాసి. ఆ పిల్లకు తెలియలేదు.

విద్యావతికి తెలిసింది. ముఖంలో ఏమీ లేకుండా చూసుకుంది. ఐనా తర్వాతిసారి కూడా దిగింది. అప్పుడామె చేతులు కడుక్కునే మిషతో సింకువైపు తిరిగి, పిల్లకు వీపుపెట్టి, ది మాత్రం వదలకుండా కుళాయి సన్నగా విప్పింది. వెనకనుంచి స్వరం వచ్చింది. కే నిలబడింది. జో దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ నిలబడింది. తానొక్కతే ఉన్నట్టు పాడుతోంది పిల్ల. విద్యావతి కుళాయి కట్టేసి తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంది. పాట అయ్యేదాకా వెనక్కి తిరగలేదు.

"ఎట్లుందాంటీ?"

"బాగుంది. పళ్ళేలు పెట్టమ్మా," అంది. ఫోను తీసుకొని ఫొతీనీకి నాలుగు మాటలు రాసి పంపింది. అప్పుడు వంకాయలు నూనెలో వేసింది.

*

నలుగురూ కూర్చున్నారు. శ్రీపతి కూర కలుపుకొని, "ఇదిరా వంకాయంటే," అన్నాడు. శ్రీదివ్య స్పందనను వాళ్ళింట్లో కొత్తగా చేరిన అమ్మాయి గురించి ఏదో అడిగింది, ఇద్దరూ ఇంగ్లీషులో నవ్వుకున్నారు.

విద్యావతి అందరికీ రెండోసారి అన్నం వడ్డించి కూర్చుంది.

"బుధవారం నేను క్లాసుకి రావడం లేదు. కచేరీకి కూడా."

స్పందన చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. "అదేందాంటీ? మీరు లేకుంటే ది ఎవరు పట్టుకుంటరు?"

"ల్యూక్ పట్టుకుంటాడు. ఫొతీనీకి ఇందాక మెసేజ్ పెట్టాను. సరేనంది."

"నేను కోపం జేసుకున్ననని అనుకుంటున్నరా? నాకేం కోపం లేదాంటీ, నిజంగ."

"నాకు తెలుసమ్మా. నువ్వు పాడేటప్పుడు నా ముఖం చూస్తావు. చూస్తే కే దిగుతుంది. ఇందాక రెండుసార్లు దిగింది. నేను సింకువైపు తిరిగాక దిగలేదు."

స్పందన జ్ఞాపకం తెచ్చుకుంటున్నట్టు తల దించుకుంది.

"వారానికొక్కరోజు బయటికెళ్ళేది దానికే కదా నువ్వు," అన్నాడు శ్రీపతి. అన్నాక తనకే కొత్తగా వినిపించినట్టు ఆమెకేసి చూశాడు.

"మమ్, యూ లవ్ దట్ థింగ్," అంది శ్రీదివ్య.

"జూలైలో మళ్ళీ మొదలుపెడతారుట. అప్పుడు చేరతాను. ఈసన్‌కి కాదు. కొత్తగా వచ్చే పిల్లలతో కూర్చొని మొదట్నుంచి నేర్చుకుంటాను."

"డిప్లొమా చేసినదానివి, నీకు రానిదేముంది అందులో?" అన్నాడు శ్రీపతి.

"కే," అంది విద్యావతి. "కే రాదు నాకు. స్పందనకి వచ్చు."